ఖాళీగా కనిపించిన డిస్కు

ఆ క్యాన్సర్ ఆసుపత్రిలో ఆమె అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. సర్వర్ చూసుకుంటుంది కాబట్టి అందరికీ సర్వరక్కే. ఆమెకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవారు, ఆమె కూడా వయసు లెక్కలు తియ్యకుండా పలికేది. మెట్ల కింద, బయట ఎండలు మండుతున్నా లోపల వణికించే గదిలో, ఏడాది పొడవునా బూడిదరంగు స్వెట్టర్ వేసుకుని కూర్చునేది. ఇరవై ఆరేళ్ళ కిందట రికార్డుల గదిలో టైపిస్టుగా చేరిన మనిషి. అప్పట్లో యూనిక్స్ సర్వర్‌ని చూసుకునే మేస్టారొకాయన ఈమె వేళ్ళు తప్పు లేకుండా కదలడం చూసి, "అమ్మాయ్, నువ్విక్కడ ఉండాల్సిన దానివి కాదు" అని పక్కగదిలోకి లాక్కుపోయాడు. ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీ ఈమెదైంది. భర్త కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. ఇద్దరివీ వెంట్రుకవాసి తేడా వస్తే చెడిపోయే పనులే కాబట్టి ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ తొందరపెట్టరు, అత్తగారు తప్ప.

అలాంటి మనిషి ఒక సోమవారం పొద్దున ఏడు గంటల నలభై నిమిషాలకు చెయ్యకూడని పని చేసింది.

ఆమె చూసుకునే సర్వర్‌లో రేడియేషన్ పేషెంట్ల ప్లాన్లు ఉంటాయి. ఎవరికి ఏ కోణంలో, ఏ ఆకారంలో, ఎంత మోతాదులో కిరణం పడాలో అందులోనే రాసి ఉంటుంది. చికిత్స యంత్రం రోజూ ప్లాన్‌ని అక్కణ్ణుంచే తెచ్చుకుంటుంది. సర్వర్‌లో రెండు డిస్కులు, ఒక్కోటీ నాలుగు టెరాబైట్లు. వాటిని కలిపి ఒకే వాల్యూమ్‌గా చేసింది ఆమే. రెండు గదుల మధ్య గోడ కొట్టేసి హాలు చేసినట్టన్నమాట. హాల్లో కూర్చున్నవాడికి తను ఏ గది నేల మీదున్నాడో తెలియదు, అక్కర్లేదు కూడా. కాకపోతే ఒక గది కూలితే హాలే లేదు.

బ్యాకప్ ఉంది కదా అని ఎవరైనా అడుగుతారు. ఉంది, ఎనిమిది వారాల కిందటిది; ఆ తర్వాత వేసిన ప్లాన్లేవీ అందులో లేవు. బ్యాకప్ డిస్కు నిండిపోయిందని, కొత్తది కావాలని ఆమె ఎనిమిది వారాలుగా పై అంతస్తుకు ఉత్తరాలు రాస్తూనే ఉంది. ప్రతి ఉత్తరం మీదా "చూడగలరు" అని రాసి కిందికి పంపారు, ఎవరూ చూడలేదు. చివరికి శనివారం సాయంత్రం ఎనిమిది టెరాబైట్ల డిస్కు వచ్చింది. దాన్ని బిగించి, సర్వర్ దానికి పెట్టిన పేరు కాగితం మీద రాసుకుని, సోమవారం పేషెంట్లు రాకముందే సిద్ధం చేద్దామని ఇంటికి వెళ్ళింది.

సోమవారం వచ్చీ రాగానే సర్వర్‌ని ఆపి మళ్ళీ లేపింది. డిస్కుల పేర్లు యంత్రం లేచినప్పుడల్లా తనకు తోచినట్టు పెట్టుకుంటుంది. శనివారం మూడోదన్నది సోమవారం రెండోది కావచ్చు. ఈ సంగతి ఆమెకు తెలియనిది కాదు, పదిమందికి పాఠం చెప్పింది. అందుకే కాగితం మీది పేరును నమ్మకుండా డిస్కులోకి తొంగిచూసింది కూడా. విభాగాలేవీ లేవని తెర చూపించింది. అంటే ఖాళీ. ఖాళీ అంటే కొత్తది. ఆమె ఒక్క ఆదేశంతో దాని మొదట్లో కొత్త లేబుల్ రాసేసింది. తర్వాత ఫార్మాట్ చెయ్యడానికి ఆదేశం టైప్ చేసి, ఎంటర్ మీద వేలు పెట్టి, అలవాటుగా సైజు వైపు చూసింది.

నాలుగు టెరాబైట్లు అని ఉంది.

వేలు అక్కడే ఆగిపోయింది. ఆరేళ్ళ కిందట ఆ రెండో డిస్కును పెట్టినప్పుడు విభాగాలు చెయ్యకుండా, డిస్కు మొత్తాన్నీ ఒకే ముక్కగా వాల్యూమ్‌కి ఇచ్చేసింది తనే. గదిలో మళ్ళీ గది ఎందుకని మేస్టారు నేర్పిన పద్ధతి అది. అలాంటి డిస్కు మామూలు చూపుకు ఖాళీగానే కనిపిస్తుంది. "నేను ఫలానా, ఫలానా గుంపులో రెండోదాన్ని" అని చెప్పే చిన్న గుర్తు ఒక్కటే దాని మొదట్లో ఉంటుంది. సరిగ్గా ఆ గుర్తు మీదే ఆమె కొత్త లేబుల్ రాసింది. ఫార్మాట్ ఆదేశాన్ని అక్షరం అక్షరం చెరిపేసి, వాల్యూమ్‌ని లేపి చూసింది. రెండో డిస్కు కనబడటం లేదని జవాబు.

ఎనిమిదిన్నరకు రేడియేషన్ డాక్టరమ్మే మెట్లు దిగి వచ్చింది.

"ప్లాన్లు తెరుచుకోవట్లేదక్కా. ఏమైంది?"

డిస్కు పోయిందంటే సరిపోయేది. డిస్కులు పోతూనే ఉంటాయి, నిందేస్తే ఎదురు చెప్పడానికి వాటికి నోరు లేదు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ డిస్కు పోయిందంటే వీళ్ళు కొత్త డిస్కు కోసం, కంపెనీ మనుషుల కోసం పరుగులు పెడతారు. ఆ పరుగుల్లో ఎవడో ఒకడు దీని మీద చెయ్యి వేస్తాడు.

"తప్పు నాదే డాక్టరుగారూ. రాయకూడని డిస్కు మీద రాశాను. లోపల డేటా ఉందనే అనుకుంటున్నా, దారి మాత్రం తెగిపోయింది."

డాక్టరమ్మ అరవలేదు. అరిచినా బాగుండేదని ఆ తర్వాత సర్వరక్కకు చాలాసార్లు అనిపించింది.

"పదకొండింటికి బస్సు కండక్టర్ గారు వస్తారు, గొంతు క్యాన్సర్. ముప్పై మూడు సిట్టింగుల్లో పంతొమ్మిది అయ్యాయి. గురు, శుక్రవారాలు యంత్రం రిపేరు, ఆ తర్వాత శని, ఆదివారాలు. ఇవాళా తప్పితే అయిదు రోజులు. అంత ఎడం ఇస్తే గడ్డ మళ్ళీ పుంజుకుంటుంది. మిగతావాళ్ళని ఒకటి రెండు రోజులు ఆపగలను గానీ ఆయన్ని ఆపలేను."

"ప్రింటు కాగితాలు ఉన్నాయిగా?"

"వాటిలో లెక్కలే ఉంటాయి, కిరణం ఆకారం ఉండదు. మధ్యాహ్నం రెండింటిదాకా చూస్తా. కాకపోతే మళ్ళీ స్కాన్ తీసి, కొత్త ప్లాన్ వెయ్యాలి. ఎనిమిది రోజులు పడుతుంది." ఆమె మెట్లెక్కబోతూ ఆగింది. "ఎనిమిది రోజులు ఆయన దగ్గర లేవక్కా."

తలుపు వేసి సర్వరక్క ముందుగా మేస్టారికి ఫోన్ చేసింది. ఆయనకిప్పుడు చెవులు మందం, గట్టిగా చెప్పాలి. తను చేసిన తప్పును గొంతెత్తి రెండుసార్లు చెప్పుకోవాల్సి వచ్చింది.

"విభాగాలు లేనంత మాత్రాన ఖాళీ కాదని నేను చెప్పలేదూ?" అన్నాడాయన.

"చెప్పలేదు మేస్టారూ. విభాగాలే చెయ్యొద్దని చెప్పింది మీరే."

"అయితే ఇద్దరం కలిసే చెడగొట్టాం. సరే విను. మొత్తం డిస్కు కాపీ తియ్యకుండా దాని మీద ఒక్క అక్షరం రాయకు."

"కాపీకి తొమ్మిది గంటలు పడుతుంది. నాకు రెండింటిదాకానే టైముంది."

"అయితే నేనేం చెప్పను తల్లీ," అన్నాడు ఆయన. అంతటి మనిషి అలా అనేసరికి ఆమెకు ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా టైము లేదు.

డిస్కు కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే, కనబడని డిస్కును గుంపులోంచి తీసేసే ఆదేశం ఇవ్వమన్నాడు అక్కడివాడు. గుంపు వెంటనే లేస్తుందట. లేస్తుంది, సగం ప్లాన్లు లేకుండా. తలనొప్పి అంటే తలే తీయించుకోమన్నాడట వెనకటికొకడు. ఆమె మర్యాదగా ఫోన్ పెట్టేసి, మళ్ళీ ఎవరికీ చెయ్యలేదు.

కుర్చీలో నిటారుగా కూర్చుని లెక్క వేసుకుంది. తను చెడగొట్టింది ఏమిటి? డిస్కు మొదట్లో కాస్త, చివర్లో కాస్త. ఆ ఆదేశం లేబుల్‌ని రెండు కొసలా రాస్తుంది, నడుమ ముట్టుకోదు. ఇప్పుడు బాగుచెయ్యడానికి రాయబోయేది? అదీ మొదట్లోనే. మొత్తం కాపీ ఎందుకు, చెయ్యి పడే చోటు కాపీ ఉంటే చాలదూ? రెండు కొసల్నీ వంద మెగాబైట్ల చొప్పున తీసి వేరే యంత్రంలో దాచింది. నిమిషం కూడా పట్టలేదు. గురువు మాట దాటడం ఇరవై ఆరేళ్ళలో అదే మొదటిసారి.

తర్వాత పాత ఫైళ్ళ వేట. వాల్యూమ్‌లో ఏ మార్పు చేసినా సిస్టమ్ దాని అమరికను ఒక ఫైల్లో రాసి దాచుకుంటుంది. అలాంటివి పదకొండు ఉన్నాయి, అన్నీ కవలపిల్లల్లా ఉన్నాయి. కొన్ని మార్పుకు ముందు రాసినవి, కొన్ని తర్వాత రాసినవి. రెండో డిస్కు చేరకముందు రాసిన ఫైల్‌ని తీసుకుంటే సిస్టమ్ ఆ డిస్కు ఊసే ఎత్తదు. ఆమె ఒక్కొక్కటీ తెరిచి పైకి చదివింది. ఎనిమిదో ఫైల్లో రెండు డిస్కులూ కనిపించాయి, వాటి పొడుగాటి గుర్తింపు సంఖ్యలతో సహా. తర్వాతి మూడూ అవే అమరికకు నకళ్ళు.

అప్పుడే ఫోన్ మోగింది. అత్తగారు.

"అమ్మాయ్, బట్టల మిషన్ నీళ్ళు వదలట్లేదు. ఏదో ఎర్ర లైటు వెలుగుతోంది. పక్కనున్నది నొక్కనా?"

"నొక్కకండి అత్తయ్యా. స్విచ్ తీసేసి కూర్చోండి. ఏదీ నొక్కకండి, మీకు పుణ్యముంటుంది."

"ఊరి మిషన్లన్నీ చూస్తావు, ఇంట్లో దానికి మాత్రం పుణ్యం కావాలి," అని పెట్టేసిందావిడ.

పన్నెండున్నర అయింది. పై నుంచి కబురొచ్చింది, కండక్టర్ గారూ భార్యా పదకొండింటి నుంచీ బెంచీ మీదే ఉన్నారని. సర్వరక్క సిస్టమ్ అడుగుతున్న గుర్తింపు సంఖ్యనూ ఫైల్లో ఉన్నదాన్నీ పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం మీద పెన్సిల్ ఆనించి చూసింది. ముప్పై రెండు అక్షరాలూ కలిశాయి. ఇక మిగిలింది డిస్కు మీద ఆ గుర్తును తిరిగి రాయడం. అందులోనే ఉంది చిక్కంతా. ఆ పని చేసే ఆదేశమూ, డిస్కును కొత్తగా వాల్యూమ్‌కి తయారుచేసే ఆదేశమూ ఒకటే. పాత సంఖ్య, పాత ఫైలు జతచేస్తే మందు. చెయ్యకపోతే విషం.

ముందు ఉత్తుత్తిగా నడిపి చూసింది, అంతా సరే అంది సిస్టమ్. అసలుది టైప్ చేసి, కుర్చీలోంచి లేచి, గదిలో రెండు అడుగులు వేసి, మళ్ళీ కూర్చుని మొదటి నుంచి చదివింది. పొద్దున్న ఒక్క క్షణం ఇలా చదివుంటే ఇవాళ ఎవరూ బెంచీ మీద కూర్చునేవారు కాదు. ఈసారి సైజు కూడా చూసింది. నాలుగే. ఈసారి నాలుగే కావాలి. ఎంటర్ నొక్కింది.

గుర్తు రాశానంది సిస్టమ్. పాత అమరిక తిరిగి పెట్టమంటే పెట్టింది. వాల్యూమ్ లేచింది.

లేచినంత మాత్రాన నమ్మడానికి లేదు. డిస్కు చివర్లో లేబుల్ రాసిన చోట ఎవరి ప్లాన్ అయినా ఉండి ఉంటే? ఏమీ రాయకుండా, ఊరికే చదివి చూసే తనిఖీ పెట్టింది. అయిదు దశలు. మూడో దశ దగ్గర పదకొండు నిమిషాలు కదలకుండా నిలబడింది. ఆ పదకొండు నిమిషాల్లో ఆమె ప్రార్థించలేదు గానీ స్వెట్టర్ అంచు దారం ఒకటి పూర్తిగా లాగేసింది. ఒంటి గంట ముప్పై అయిదుకు అయిదో దశ ముగిసింది. తప్పులు లేవు. చివరి కాస్త చోటూ ఎవరూ వాడనిదే.

డాక్టరమ్మ కిందికొచ్చి, కండక్టర్ ప్లాన్ తెరిచి, మొదటి రోజు ప్రింటుతో ప్రతి అంకె సరిచూసింది. ఆకారం కూడా తిప్పితిప్పి చూసింది. "ఇదే," అంది చివరికి. "పైకి పంపించు."

ఒంటి గంట యాభై రెండుకు చికిత్స గది తలుపు మీద, లోపల కిరణం నడుస్తోందని చెప్పే ఎర్ర దీపం వెలిగింది. సర్వరక్క ఆ వరండాలో నిలబడే ఉంది. పావుగంటలో కండక్టర్ బయటికొచ్చాడు. మెడ చుట్టూ చర్మం కమిలి ఉంది, గొంతు గుసగుసకు తగ్గిపోయింది. భార్య ఆయన చెయ్యి పట్టుకుని, "ఈ అమ్మే సరిచేసిందటండీ" అని నమస్కారం పెట్టబోయింది.

ఆ నమస్కారం సర్వరక్కకు చెంపదెబ్బలా తగిలింది. "వద్దమ్మా," అంది. "పొద్దున చెడగొట్టింది కూడా నేనే. కొత్త డిస్కు అనుకుని మీ ప్లాన్ ఉన్న డిస్కు మీద చెయ్యి వేశాను. మీరు మూడు గంటలు కూర్చుంది నా వల్లే."

తిడతాడనుకుంది. లేదా పర్లేదమ్మా అంటాడనుకుంది. రెంటికీ సిద్ధపడే చెప్పింది. కండక్టర్ ఆమె ముఖంలోకి చూసి, ఒక్కో మాటా గుటక వేస్తూ అన్నాడు.

"అదంతా నాకెందుకమ్మా. రేపు మళ్ళీ పదకొండింటికి రమ్మన్నారు. రేపు ఉంటుందా?"

ఉంటుందని అనెయ్యబోయి ఆగిపోయింది. రెండో కాపీ ఇంకా ఎక్కడా లేదు. ఈ క్షణాన ఏ డిస్కు పోయినా మళ్ళీ అదే బెంచీ. పొద్దున్న ఖాళీ అని ఎంత ధీమాగా అనుకుందో గుర్తొచ్చి సిగ్గేసింది.

"మీ నంబరివ్వండి. సాయంత్రం ఫోన్ చేసి చెబుతాను," అంది.

తిండి సంగతి మరిచిపోయి కిందికెళ్ళి, కొత్త డిస్కును పేరుతో కాక దాని మీద అచ్చయిన సీరియల్ నంబరుతో సరిచూసి, అప్పుడు ఫార్మాట్ చేసి, ప్లాన్ల ఫోల్డరు కాపీకి పెట్టింది. మూడు గంటల పది నిమిషాలు పట్టింది. ఆ సేపంతా కుర్చీ వదల్లేదు. కాపీ అయ్యాక కూడా నమ్మక, కొత్త డిస్కులోంచే కండక్టర్ ప్లాన్‌ని తెరిచి, అసలుదానితో పోల్చి చూసి, అప్పుడు ఫోన్ తీసింది.

అవతల భార్య ఎత్తింది. వెనకాల ఏదో బస్సు హారన్ వినిపించింది, ఇంకా ఇల్లు చేరలేదు కాబోలు.

"ఆయన్ని మాట్లాడొద్దన్నారమ్మా. చెప్పండి, ఫోను ఆయన చెవి దగ్గరే పెడతాను."

"ప్లాన్ ఉందండీ," అంది సర్వరక్క. "రెండు చోట్ల ఉంది, రెండూ నేనే తెరిచి చూశాను. రేపు పదకొండింటికి రండి."

మళ్ళీ భార్య గొంతు.

"విన్నారమ్మా. ఇంకోసారి చెప్పమంటున్నారు."

ఆమె ఇంకోసారి చెప్పింది.