కంచె పడ్డాక

భద్రాచలంలో బస్సెక్కితే నా పక్కన ఒక ముసలమ్మ కూర్చుంది. ఒళ్లో పాత తువ్వాలు చుట్టిన మేకపిల్ల రొప్పుతోంది.

"ఏమైందమ్మా?" అని అడిగాను.

"పాల్వంచల పశువుల దవాఖానాకు తీస్కపోతున్న బిడ్డా. మొన్నటిదాంక సూదంటే ఏందో ఎరగని మంద నాది. అడివిల ఇడిస్తే నూరు తీర్ల ఆకులు మేసేటియి. కడుపు చెడితే చేదాకులు అవే ఎతుక్కునేటియి. నేనేం వైద్యం జెయ్యలే, అంతా అడివే చూసుకుంది. ఇప్పుడు ఫారెస్టోళ్లు అడివి సుట్టూ కంచె ఏసిండ్రు. దొడ్లె కట్టేసి, కొన్న దాణా పెట్టిన. రోగం తగిలింది. సూదులు గూడ ఏపిచ్చిన బిడ్డా, అయినా ఒకదానెనక ఒకటి పోయినయ్. గిదొక్కటే మిగిలింది."

ఆమె ఏడవలేదు. కిటికీలోంచి ఎండ పడకుండా దాని మొహానికి చెయ్యి అడ్డం పెట్టింది.

పాల్వంచ పొగగొట్టాలు కనిపించే వేళకు మేకపిల్ల రొప్పు ఆగిపోయింది. నేను గమనించేసరికే ఆమెకు తెలిసిపోయినట్టుంది. అయినా అడ్డం పెట్టిన చెయ్యి తీయలేదు.

"పాల్వంచ! జల్దీ దిగాలె!" అని కండక్టర్ అరిచాడు. ఆమె కదల్లేదు.

"అమ్మా, మీరు దిగాల్సింది ఇక్కడే కదా," అన్నాను.

"దవాఖానాల ఇగ ఏం పని బిడ్డా? ఇంటికి పోదామంటే, దొడ్డి తలుపు తీసి వచ్చిన. పోయి ఎవరి కోసం మూయాలె?"

బస్సు కదిలింది. నేను దిగాల్సిందీ పాల్వంచలోనే. ఆ సంగతి ఊరు దాటాక గాని గుర్తుకు రాలేదు.