తొమ్మిదిమంది శనివారం

కోరుట్ల పక్క పల్లె నుంచి వచ్చి పద్దెనిమిదేళ్లయినా దుబాయ్‌లో లింబాద్రిని పట్టించుకున్న పాపాన ఎవరూ పోలేదు. సిమెంటు మోశాడు. పరంజా మీది నుంచి పడి మోకాలు పాడుచేసుకున్నాడు. ఆ తర్వాత ఒక క్లీనింగ్ కంపెనీలో చేరాడు. 2021లో కంపెనీవాళ్లు అతణ్ణి ఒక విల్లాకు పంపారు. బయట బోర్డు లేని ఆ విల్లా యూదుల ప్రార్థనామందిరం. అక్కడ మా లింబాద్రికి మొదటిసారి తానూ ఒక మనిషినే అనిపించింది. అనిపించడం మంచిదే, కాని అది కాస్త ఎక్కువైంది.

యూదులకు శుక్రవారం పొద్దు గుంకింది మొదలు శనివారం పొద్దు గుంకేదాకా సబ్బాతు. ఆ వేళ వాళ్లు స్విచ్ వేయరు, ఫోను ముట్టరు, బండెక్కరు. ఆ పనులు చేయమని ఇంకొకరికి నోటితో చెప్పరు కూడా. మరీ అవసరమైతే "ఈ గది చీకటిగా ఉందే" అని గోడతో అన్నట్టు అంటారు. మొదటి వారం ఒకాయన అలా అంటే లింబాద్రి "అవును సార్, మస్తు చీకటి" అని ఒప్పుకుని అలాగే నిలబడ్డాడు. నెల తిరిగేసరికి ఎవరు తల గోక్కుంటే ఏసీ, ఎవరు కళ్లు నులుముకుంటే దీపం అని చదివేయడం నేర్చాడు. కూలీల క్యాంపులో అతని గదిలోనే ఉండే డ్రైవర్ హయాత్ బాషాకు ఇవన్నీ వర్ణించి చెప్పేవాడు.

ఇంకొకటీ నేర్చాడు. ఆ ప్రార్థనలో కొన్ని భాగాలకు పదిమంది మగవాళ్లు ఉండి తీరాలి. అలాగని మనుషుల్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టకూడదు. పది మాటలున్న ఒక వాక్యం చదువుతూ మనిషికొక మాట చొప్పున చూసుకుంటారు. లింబాద్రికి ఇది వింతగా అనిపించలేదు. కల్లంలో వడ్లు కొలిచేటప్పుడు మనమూ ఒకటి అనం, లాభం అంటాం. ఏడు అనం, ఆరున్నొక్కటి అంటాం. అందుకని అతనూ గేటు దగ్గర కూర్చుని, లోపలికి వెళ్లేవాళ్లను లాభం, రెండు, మూడు అని మనసులోనే లెక్క వేసుకునేవాడు.

శనివారం పొద్దున గేటు బాధ్యత అతనిదే. చేతిలో పేర్ల కాగితం ఉంటుంది. అందులో పేరు లేనివాళ్లు వస్తే లోపలికి కబురు చెప్పాలి, అంతే నియమం. జులైలో ఒక తెల్లదొర పేరు లేకుండానే వస్తే లింబాద్రి కబురు మాట మరిచి, వంగి తలుపు తీశాడు. అది తప్పని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఆగస్టు వచ్చింది. ఎండకు జడిసి సగం మంది ఊళ్లకు పోయారు. ఆ నెలలో ఒక శనివారం నిస్సిం గారి భార్య పోయిన తిథి, మొదటి ఏడాది. నిస్సిం గారు బాగ్దాదులో పుట్టిన ముసలాయన. లింబాద్రితో అరబ్బీలో నెమ్మదిగా, అర్థమయ్యేలా మాట్లాడే మనిషి ఆయనొక్కడే. పోయినవారి పేరున చెప్పే కద్దీష్ అనే ప్రార్థన ఆ రోజు ఆయన చెప్పాలి. పదిమంది లేకపోతే దాన్ని చెప్పకూడదు.

పదకొండు దగ్గర పడింది. లింబాద్రి లెక్క తొమ్మిది దగ్గర ఆగిపోయింది. గేటు కింద దూరిన పిల్లిని "పో, నీ తల్లి! లోపలికి గిట్ల పోతవా" అని అదిలిస్తుంటే రోడ్డు మీద ఒక మనిషి టక్కున ఆగాడు. నలభై ఏళ్లుంటాయి, చామనఛాయ, తెల్ల చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. నెత్తిన అల్లిక టోపీ. ముఖమంతా నవ్వయింది.

"అన్నా, మీరు తెలుగోళ్లా? అబ్బ, ఎంత మంచిగనిపించిందో!"

ఆ నవ్వు చూసి లింబాద్రి ముఖం ముడుచుకుపోయింది. తెలుగువాడు నవ్వుతూ వచ్చాడంటే ఏదో అడగడానికే అని అతని నమ్మకం. అంతకుముందు మిగిలిన రొట్టెల కోసం వచ్చిన ఇద్దరు క్యాంపువాళ్ల వల్ల అతను ఆఫీసులో మాట పడ్డాడు కూడా. "ఏం గావాలె?" అన్నాడు.

"ప్రార్థనకొచ్చిన. మొదలైందా?"

"ఎవల ప్రార్థన? చర్చి జబల్ అలీల ఉన్నది, పో."

"చర్చి గాదన్నా. నేను యూదుణ్ణే. పేరు రూబెన్. మాది సికింద్రాబాద్, లాలాగూడ. మా తాత రైల్వేల పనిచేసిండు."

"లాలాగూడల యూదులా!" లింబాద్రి గట్టిగానే నవ్వాడు. "నా చెవుల పువ్వు పెడ్తున్నవా? అన్నం కోసమైతే అన్నం కోసమని చెప్పు. పన్నెండు దాటినంక ఎన్క గేటుకు రా. గీ ఏషాలొద్దు."

రూబెన్ నవ్వు పోయింది. "లోపల ఎవర్నన్న ఒక్కసారి పిలువున్రి అన్నా."

"అచ్చినోనికల్లా పిల్చుకుంట కూసుంటే నా నౌకరి ఖలాస్. యల్లా, యల్లా."

లింబాద్రి చెయ్యి ఊపాడు, పిల్లిని తోలినట్టే. రూబెన్ వచ్చిన దారినే నడిచిపోయాడు.

అతను మూల తిరిగాక లింబాద్రికి ఒక్కొక్కటీ తట్టింది. ఆ మనిషి చేతిలో ఫోను లేదు. బండి దిగి రాలేదు. అంత ఎండలో నడిచి వచ్చాడు. సబ్బాతు పాటించేవాళ్లు ఎలా వస్తారో తనకంటే బాగా ఎవరికి తెలుసు? పరుగెత్తితే దొరికేవాడే. మోకాలు నొప్పి అని తనకు తానే చెప్పుకుని కుర్చీలో కూర్చుండిపోయాడు.

కాసేపటికి నిస్సిం గారే గేటు దాకా వచ్చారు. రోడ్డును ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశారు. "ఎవరైనా వచ్చారా, లింబాద్రీ?"

"మాఫీ" అన్నాడు లింబాద్రి. ఇక్కడి అరబ్బీలో లేదు అని.

ఆయన పన్నెండున్నర దాకా ఆగారు. ఇక పదోవాడు రాడని తేలాక, వెళ్లిపోతూ గేటు దగ్గర నిలబడ్డారు. "తప్పు నాదే. గురువారమే నలుగురికి చెప్పి పెట్టుకోవలసింది. మా ఆవిడ ముప్పై ఏళ్లు ప్రతి శుక్రవారం ఎంతమందికి వండి పెట్టిందో! ఆమె కోసం పదిమందిని పోగు చేయలేకపోయాను" అన్నారు. లింబాద్రి తల ఎత్తలేకపోయాడు. ఆయన దాన్ని జాలి అనుకుని అతని భుజం తట్టి వెళ్లారు.

ఆ వారం అతనికి ముద్ద దిగలేదు. ఊరి నుంచి భార్య కిష్టవ్వ ఫోను చేసి "గొంతు గట్లున్నదేంది?" అంటే జలుబన్నాడు. చివరికి హయాత్ బాషా దగ్గర బయటపెట్టాడు, అదీ సగమే. "మన దిక్కు యూదులుంటరా బాషా?"

బాషా కడపవాడు, బొంబాయిలో పదేళ్లు లారీ తోలినవాడు. "ఉండకేమప్పా! కొంకణంలో వాళ్లను శనివారం తేలీలు అంటారు. నూనె గానుగ పట్టేటోళ్లు, శనివారం మాత్రం పట్టరు. ఎన్ని వందల ఏండ్ల నుంచి ఉండారో. రైలు ఉద్యోగాలకని మన పక్కకు గూడా వచ్చినారు. ఏం, ఎవురన్నా వచ్చినారా?"

లింబాద్రి మిగతా సగమూ చెప్పాడు. బాషా ఎప్పటిలా ఎగతాళి చేస్తాడనుకున్నాడు. బాషా చేయలేదు. "గేటు కాడ కూర్చోబెడితే వీసా ఇచ్చే కఫీల్‌వి నువ్వే అయిపోతివి కదప్పా" అని అటు తిరిగి పడుకున్నాడు. తిట్టినా బాగుండేది.

మరుసటి శనివారం కాగితంలో రూబెన్ పేరుంది, ముందే ఫోను చేసి రాయించుకున్నట్టున్నాడు. అతను చెప్పేస్తాడు, తన నౌకరీ పోతుంది అని లింబాద్రి భయపడ్డాడు. రూబెన్ వచ్చాడు, తల ఊపాడు, లోపలికి వెళ్లాడు. ఆ రోజు పద్నాలుగు మంది వచ్చారు. ప్రార్థన అయ్యాక అందరూ భోజనాలకు కూర్చున్నారు. లింబాద్రి నీళ్ల జగ్గుతో తిరుగుతున్నాడు.

నిస్సిం గారు రూబెన్ పక్కనే కూర్చున్నారు. "పోయిన వారం మీరుంటే బాగుండేది. తొమ్మిది మందిమే అయ్యాం" అని ఇంగ్లీషులో అన్నారు. ఆ మాత్రం ఇంగ్లీషు లింబాద్రికి తెలుసు.

రూబెన్ ఒక్క క్షణం లింబాద్రి వైపు చూసి, కళ్లు పళ్లెం మీదికి దించుకున్నాడు. "రాలేకపోయాను. క్షమించండి" అన్నాడు.

తన తప్పును ఎదుటివాడు ఎత్తుకోవడం లింబాద్రి ఎన్నడూ చూడలేదు. జగ్గు బల్ల మీద పెట్టి, వచ్చిన అరబ్బీ అంతా కూడదీసుకున్నాడు. "ఈయన వచ్చిండు సార్. నేనే ఎల్లగొట్టిన. మీకు అబద్ధం చెప్పిన. మాఫీ సార్, మాఫీ."

నిస్సిం గారికి అయోమయమైంది. "లేదు, లేదు అంటావేం? ఏం లేదు?"

"మా దేశంలో మాఫీ అంటే క్షమించమని" అన్నాడు రూబెన్ మెల్లగా.

నిస్సిం గారు కళ్లు మూసుకున్నారు. అరుస్తారేమో, ఆఫీసుకు చెబుతారేమో అని లింబాద్రి ఎదురుచూశాడు. "అయితే ఆ రోజు ఆమె కోసం పదో మనిషి వచ్చాడన్నమాట" అన్నారాయన. ఆ గొంతులో ఊరట వినబడి లింబాద్రికి ఇంకా తల వాలిపోయింది. ఆయన కళ్లు తెరిచి, "ఈ క్షమాపణ నాకొక్కడికి కాదు. అతణ్ణి అడుగు" అన్నారు.

రూబెన్ వెళ్లేటప్పుడు లింబాద్రి గేటు దాకా వెంట నడిచాడు. "తమ్మీ, తప్పయింది. నువ్వు నన్ను తిట్టు" అన్నాడు.

"తిట్టనన్నా. లాలాగూడలగూడ మీరెవ్వరని అందరు అడిగేటోళ్లే. నాకు అలవాటే." రూబెన్ గేటు మీద చెయ్యి వేశాడు. "ఒక్కటి మాత్రం అడుగుత. వారమంత అదే మనసుల తిరుగుతున్నది. అప్పటికి దుబాయ్ వచ్చి నాలుగు రోజులైంది, తెలుగు చెవిన వడలే. మీరు పిల్లిని తిట్టుడు ఇని సంబురంతోని తెలుగుల పలకరించిన. ఆ రోజు నేను ఇంగ్లీషుల మాట్లాడి ఉంటే లోపలికి పంపేటోళ్లు గదా?"

లింబాద్రికి అబద్ధం చెప్పాలనే ఉంది.

"పంపేటోన్ని" అన్నాడు.