ఓడిన జట్టుకు దిష్టి

మాది నందికొండ. ఉద్యోగంలో చేరడానికి మక్తల్ వెళ్తుంటే, దారిలో ఓడిపోయి వస్తున్న ఆడపిల్లల కబడ్డీ జట్టు బస్సెక్కింది. టీషర్టుల మీది ఊరి పేరు కనబడకుండా చున్నీలు కప్పుకున్నారు. వాళ్లతో వచ్చిన అవ్వ కొబ్బరికాయ పట్టుకొని నా పక్కన కూర్చుంది. ఏ ఆటనూ వదలదట.

"నిరుడు అన్నీ గెలిచినం. ఈయేడు మూడాటలు ఓడినం," అంది.

"మరి ఈ కాయ?" మెల్లగా అడిగాను.

"దిష్టి తీస్త."

"ఓడినవాళ్లకా?"

"గీళ్ల ఆట నువ్వు చూడలే బిడ్డా. దిష్టి తగలకుంటె ఓడుతరా?"

వాళ్ల ఊరొచ్చినా పిల్లలు దిగడానికి వెనకాడారు. అవ్వ ముందు దిగి, అందరినీ వరుసగా నిలబెట్టి, కాయ తిప్పి రోడ్డు మీద పగలగొట్టింది.

"ఇగ చున్నీలు తీసి నడువుండ్రి."

తీశారు. కొత్తవాళ్ల ముందు గొంతెత్తని నేను, కిటికీలోంచి చేతులు చాపి చప్పట్లు కొట్టాను.