మా కిరందుల్ వాన రంగు

మొన్న మా అమ్మాయి హోంవర్క్ చేస్తోంది. కాగితం మధ్యలో గుండ్రంగా గీసి, అందులో 'వాన' అని రాసి, చుట్టూ గీతలు లాగి తోచిన మాటలన్నీ రాస్తోంది. వ్యాసం మొదలుపెట్టే ముందు అలా చేయాలట. చూస్తూనే సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

కిరందుల్ రైల్వే క్వార్టర్ల నేస్తాలూ, మీకు గుర్తుందా? ఆరో తరగతిలో కొత్తగా వచ్చిన హిందీ మేడం బోర్డు మీద ఇలాంటి సున్నాయే చుట్టింది. "మనసులో ఏదొస్తే అది చెప్పండి, ఏదీ తప్పు కాదు" అంది హిందీలో. ఒకరు కప్ప అన్నారు, ఒకరు గొడుగన్నారు. నేను "ఎరుపు" అన్నాను.

"వాన ఎర్రగా ఉంటుందా?" అని మేడం నవ్వింది. ఆ మాట బోర్డెక్కలేదు. మీరూ నవ్వారు. ఇనుప ఖనిజం తవ్వే కొండ మీంచి దిగే ఎర్రమట్టి నీళ్లలో నడిచొచ్చి, మీ సాక్సులూ ఆ పూట ఎర్రగానే ఉన్నాయి కదర్రా!

నేను తల దించుకుని, వ్యాసంలో ముత్యాల్లాంటి తెల్లని చినుకులని రాశాను. కింద ఎర్రసిరాతో 'బహుత్ అచ్ఛా' అని పడింది.

సాయంత్రం అమ్మ పెరట్లో నా యూనిఫాం ఉతుకుతోంది. పక్కన నిలబడి వ్యాసమంతా తెలుగులో చెప్పి వినిపించాను. సబ్బు రుద్దుతున్న చెయ్యి ఆగింది. బకెట్లో నీళ్లు కుంకుమ కలిపినట్టున్నాయి.

"బాగా రాశావే" అంది అమ్మ. "ఏ ఊర్లో వానే ఇది?"