నంబర్లు కలవని సాక్సోఫోన్

ఆ రోజుల్లో అసలుకూ నకలుకూ తేడా చెప్పగలవారికి గౌరవం ఎక్కువ. అసలుది దొరికాక దాన్ని వింటారా లేదా అని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. మా అన్న ఆఫీసులో జాజ్ రికార్డులు సేకరించే పెద్దమనుషుల బృందం ఒకటి ఉండేది. ఎప్పుడూ నోట్లో పైపుతో కనిపించే నాయకుడికి మేం పెట్టిన పేరు పైపు దొర. అసలైన పాత సాక్సోఫోన్ రికార్డు తెచ్చినవారికే అందులో చోటు. ఖాళీగా ఉన్న ఆ ఒక్క చోటు కోసం అన్న నన్ను వెంటబెట్టుకుని దబీర్‌పురాలోని పాత సామాన్ల దుకాణానికి బయలుదేరాడు. ఎవరి లెక్కనైనా త్రాసులో తూచినట్టు చూసి తప్పు పట్టేదాన్నని ఇంట్లో నా పేరు తరాజు. (ఆ పేరంటే నాకు గర్వమే.)

దుకాణం చాచా ఒక రికార్డు తీశాడు. అన్న అట్ట వాసన చూసి, అరచేతిలో బరువు చూసి తలాడించాడు (పైపు దొర చెప్పిన పరీక్షలట). నేను ఇంటినుంచి తెచ్చిన మా బాపు భూతద్దంతో రికార్డు మధ్య కాగితం మీది నంబరునూ, ఆ పక్కనే నల్లటి నున్నటి అంచులో గీసిన నంబరునూ పోల్చాను.

"రెండూ కలుస్తలేవన్నా. నకిలీది!"

"అరె బేటీ, పహ్లే సునో! పాట వినకుంట గిట్ల నంబర్లు జూస్తే ఏం ఎరుకైతది?" అంటూ చాచా రికార్డు తిప్పి దానిమీద ముల్లు పెట్టాడు. పక్కన డోలు బేరమాడుతున్న, పెళ్లి ఊరేగింపుల్లో వాయించే బరాత్ బ్యాండు మాస్టర్ బేరం మరిచిపోయాడు.

"మస్తుందన్నా," అని నోరు జారాను.

"మస్తుంటే ఏంది? అసలుది గావాలె!" అన్నాడు అన్న. మేం గుమ్మం దిగేలోపే మాస్టర్ ఆ రికార్డు కొనేశాడు.

ఆదివారం అన్న ఈ సంగతి చెబితే పైపు దొర తాపీగా సెలవిచ్చాడట: "కాగితం మీది నంబరు అమ్మకానికి, అంచులోది కార్ఖానాకి. ఆ రెండు నంబర్లూ కలవాలని ఎవరన్నారయ్యా?" ఆ ఖాళీ చోటు ఆఫీసు క్యాషియర్‌కు పోయింది.

ఆ ఎండాకాలమే నా పెళ్లి. మగపెళ్లివారి బరాత్ మా వీధి మలుపు తిరగగానే సాక్సోఫోన్ మీద అదే పాట! ఎదురుకోలుకు దండ పట్టుకుని నిలబడిన అన్న పెళ్లికొడుకును దాటుకుని మాస్టర్ దగ్గరికి ఉరికాడు.

"భాయ్, గా రికార్డు నాకియ్యి. నీ కాళ్లు మొక్కుత!"

"అరిగిపోయిందన్నా. పాట పట్టుబడేదాక తిప్పిన గదా!"

లోపల పెళ్లిపీటల దగ్గర నేను మాత్రం దుకాణంలో విన్నదానితో పోల్చి చూసుకుంటున్నాను. చివర్లో ఒక స్వరం జారింది. (తరాజు కదా, పట్టేశాను.)

ఇప్పటికీ వీధిలో బరాత్ పోతుంటే కిటికీ దగ్గర నిలబడతాను. ఆ పాట మళ్లీ రాలేదు. ఎప్పుడైనా వస్తే, చివర్లో ఆ స్వరం జారితేనే అసలుదని ఒప్పుకుంటాను.