రెండు గీతల పొదుపు

“కంప్యూటర్ అబద్ధం చెప్పదు నానమ్మా. తాతయ్య రిపోర్టుల్లో ఏ పేజీ చూసినా స్ప్రింగులకి పగుళ్ళే.”

“నీ కంప్యూటర్ ఆ కాలంలో కార్ఖానాలో ఏనాడైనా అడుగెట్టిందేటే? తుప్పూ ఉండేది, వంకరా ఉండేది. భోజనాల కాడ మీ తాతయ్య సెప్పేవోరు.”

“మరి రాయలేదేం? రేపు పదింటికి మా దాదాకి ఉక్కే మంచిది కాదని చెప్పాలి నేను.” (దాదా అంటే మా మనవరాలి పై ఇంజనీరు, ఇక్కడి బెంగాలీ వాడుక.)

కలుపుతున్న అన్నం వదిలేసి కంచం పక్కకి జరిపాను.

ఆ రోజుల్లో, అంటే కొత్తగా ఈ రైల్వే ఊళ్ళోని ఖరిదా పేటకి కాపురానికి వచ్చినప్పుడు, నాకు ప్రతి వస్తువూ అరిగిపోతుందనే బెంగ. రైలు పెట్టెలకి స్ప్రింగులు చేసే చిన్న కార్ఖానాలో మా ఆయనది తనిఖీ పని. రాత మాత్రం కోడి గీకినట్టుండేది. అందుకని రిపోర్టులు ఇంటికి తెస్తే నేను సాపు రాసేదాన్ని. నా చదువు ఐదో తరగతి. ఇంగ్లీషు మాటల్ని ముగ్గు చూసి ముగ్గేసినట్టు దించేదాన్ని. “కిందా అదే లోపమైతే రెండు గీతలు పెట్టెయ్” అన్నారాయన. అదో కాదో నాకేం తెలుసు? మాట పొడుగ్గా కనిపిస్తే చాలు, రీఫిల్ మిగులుతుందని రెండు గీతలు. తుప్పుకి కరోజన్, వంకరకి డిస్టార్షన్ అని బారెడు మాటలు రాసేవారాయన; పగులుకి క్రాక్, పొట్టి మాట, అదొక్కటే బతికింది. (ఏ స్ప్రింగు ఆపాలో ఆయన దాని మీదే సుద్దతో గుర్తు పెట్టేవారు, కాగితం బీరువాలోకి పోయేది. ఎవరికీ ఏమీ కాలేదు. ఈ సంగతి మనవరాలు అడిగిన ఆ రాత్రి నాకు నేనే పదిసార్లు చెప్పుకున్నాను.)

ఇప్పుడు మనవరాలు ఆ కార్ఖానాలోనే చేరి మూడు నెలలు. పాత రిపోర్టులన్నీ కంప్యూటర్‌కెక్కించి, ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో చూసి లోపం ఎక్కడ పుడుతోందో పట్టుకోవడం దాని మొదటి పని. గీతలున్న చోటల్లా పై మాటే నింపిందట. నోరు మూసుకుంటే పెద్దల ముందు పిల్ల తప్పు చెబుతుంది. తెరిస్తే పోయిన మనిషికి మాట వస్తుంది.

“ఆ గీతలు నేనెట్టినాను.”

నా పొదుపు తెలిసిన పిల్ల, ఇట్టే పట్టేసింది. “రీఫిల్ కోసమా?”

“రీఫిల్ కోసమే.”

అటక మీంచి రేకుపెట్టె దింపించాను. ఆయన జేబు పుస్తకాలు నేను పారేయలేదు, వెనకవైపు ఖాళీల్లో ముగ్గులు వేసుకోడానికి దాచాను. ముందువైపు ఆయన రాసుకున్న అసలు లోపాలు. పిల్లకి ఒక్క అక్షరం అంతు పట్టలేదు.

మర్నాడు పొద్దున్న పిల్ల సంగతంతా చెబితే దాదా ఆ పనిని వారం వాయిదా వేశారు. నేను కళ్ళజోడు పెట్టుకుని, ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ సాపు రాయడానికి కూర్చున్నాను. మొదటి పొడుగు మాట రాగానే చెయ్యి దానంతట అదే రెండు గీతలకి దిగబోయింది. ఆపి, మాటంతా రాశాను.