నా మాటను తన నెత్తిన వేసుకున్న కరుణమ్మ టీచరు

కరుణమ్మ టీచరు గారు ఇక లేరట. మొన్న కాశీబుగ్గలో మందస బస్సు దిగుతుంటే మా బడి పాత ఆయా ఎదురై, "టీచరమ్మ ఎలిపోనారమ్మా" అంది. ఏ టీచరమ్మ అని అడగలేదు. అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాను. శిశుహృదయాన్ని ఆమూలాగ్రం ఎరిగిన ఆ పుణ్యమూర్తి లేరన్న మాట ఇంకా మింగుడుపడటం లేదు.

తొంభైల చివర ఆవిడ కాశీబుగ్గలోనే ఒక చిన్న కాన్వెంటులో నర్సరీ టీచరు. నేను కొత్తగా చేరిన సహాయకురాలిని, నోటిదురుసు మనిషిని. ఆవిడది మృదుస్వరం, వజ్రసంకల్పం, సత్యనిష్ఠ. ఓరోజు నేను ఆలస్యంగా వచ్చి రిజిస్టరులో జ్వరమని రాయబోతే, "జ్వరం రాలేదు కదా, నిద్ర పట్టేసిందని రాయమ్మా" అని అలాగే రాయించారు.

ప్రతి శనివారం ఒక తల్లినో తండ్రినో తరగతికి పిలిచి, ఇంట్లో వండేదీ పాడేదీ వాళ్ల ఇంటి భాషలోనే పిల్లలకు చెప్పించేవారు. ఇదేం చాదస్తమని నేను గొణిగితే, "సగం పిల్లని ఇంటికాడ వదిలేసి రమ్మంటే, మిగిలిన సగానికి మనం ఏటి నేర్పుతామమ్మా?" అనేవారు.

ఆ ఏడు మాలతి అని నాలుగేళ్ల పిల్ల చేరింది. ఇచ్ఛాపురం వైపు ఒడియా వాళ్లు. తల్లి ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొట్టేది. మూడు నెలలైనా పిల్ల పెదవి విప్పలేదు. "శనివారంలోగా మాట్లాడకపోతే పేరు కొట్టేస్తాను" అన్నాడు కరస్పాండెంటు. టీచరు గారు ఎదురు చెప్పలేదు. ఆ శనివారానికి మాలతి తల్లినే పిలిచారు.

శనివారం కరస్పాండెంటు వచ్చి తరగతిలో వెనక కుర్చీలో కూర్చున్నాడు. జీడి నూనెకు నల్లబడ్డ చేతుల్ని కొంగులో దాచుకుంటూ, పిఠా అనే తమ పిండివంట ఎలా వండుతారో మాలతి తల్లి ఒడియాలో చెప్పడం మొదలుపెట్టింది. బియ్యప్పిండి అంది, బెల్లం అంది. ఆయన గడియారం చూసుకునేసరికి చెప్పడం ఆపేసింది. అయిపోయింది, పిల్ల పేరు పోయినట్టే అనుకున్నాను.

"బోఉ, నొడియా!" అమ్మా, కొబ్బరి మరిచావని మాలతి కేక పెట్టింది. వెంటనే రెండు చేతులతో నోరు మూసుకుని బెదిరిపోయి చూసింది.

"ఎందుకలా మూసుకుంది?" అన్నాడాయన.

"నోరిప్పొద్దని నానే సెప్పినానండి" అంది తల్లి. "సేర్పించిన రోజున, ఇంటి మాట వినబడితే పేరు తీసెత్తామన్నారు. తెలుగొచ్చీదాకా ఊరుకోమన్నాను."

"ఎవరన్నారు?"

ఆమె తల నావైపు తిరుగుతోంది. అన్నది నేనే. ఊరికే బెదిరిద్దామని అన్నాను, ఆ క్షణమే మరిచిపోయాను.

"నేనేనండి" అంటూ కరుణమ్మ టీచరు లేచారు. "తప్పు నాది. పిల్ల మాట్లాడింది కదా, ఉండనియ్యండి."

ఆవిడ నోట నేను విన్న అబద్ధం అదొక్కటే. ఆయన అందరి ముందూ ఆవిడను దులిపేశాడు. ఆవిడ తల వంచుకుని మాటలు పడ్డారు. మాలతి పేరు నిలిచింది. సాయంత్రం నేనేదో చెప్పబోతే, "బస్సు పోతాది, పదమ్మా" అన్నారు. ఆ తరువాత ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తలేదు కదా అని నేనూ హాయిగా ఊరుకున్నాను, సిగ్గులేని దాన్ని.

అటువంటి మనిషి ఈ ప్రాంతానికి మళ్లీ దొరకరు. పసిపిల్ల నోరు కట్టేసింది కరుణమ్మ టీచరేనని ఆ రోజు విన్నవాళ్లు ఇప్పటికీ అనుకుంటున్నారు. అందుకే ఆవిడ పేరు పెట్టి ఇది రాస్తున్నాను. టీచరు గారూ, ఆ మాట నాదండీ.